24 గంటల నొప్పి: మందులా, ఆపరేషనా అని తేల్చే ముందు

సంపాదకులు గారికి,
నమస్కారం.

గత నెల మీ పత్రిక ఆరోగ్యం పేజీలో 'అపెండిక్స్‌కు ఇక ఆపరేషన్ అక్కర్లేదు' అన్న శీర్షికతో ఒక చిన్న వార్త వచ్చింది. విదేశాల్లో జరిగిన పరిశోధనల్లో యాంటీబయాటిక్ మందులతోనే ఈ జబ్బు నయమైందని, కత్తి అవసరం తీరిపోయిందని అందులో రాశారు. మందులతో కొందరికి నయమైందన్న మాట అబద్ధం కాదు. కానీ ఆ పరిశోధనల్లోకి ఎలాంటి రోగులను తీసుకున్నారో, ఎవరిని పక్కన పెట్టారో, మందులు వాడినవారిలో ఎంతమంది తర్వాత ఆపరేషన్ టేబుల్ ఎక్కారో ఒక్క ముక్క కూడా లేదు. కోస్తా జిల్లాల ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముప్పై ఏళ్లకు పైగా సర్జన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి, ఆ లేని ముక్కలే రోగికి ప్రాణం మీదికి తెస్తాయని నాకు తెలుసు. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడవైనా ఓపికగా చదవమని కోరుతున్నాను.

ఆ వార్త వచ్చిన నాలుగో రోజు ఉదయం మా వీధిలో టైలరింగ్ షాపు నడుపుకునే ఆయన ఆ కాగితం ముక్కను నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని, పాలిటెక్నిక్ చదివే కొడుకును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. కుర్రవాడికి రెండు రోజులుగా కడుపునొప్పి. వీధి చివర ఆర్‌ఎంపీ దగ్గర రెండు పూటలా నొప్పి సూది వేయించి, యాంటీబయాటిక్ మాత్రలు మింగిస్తున్నారు. 'పేపర్లో కూడా మందులే చాలన్నారు కదా డాక్టరు గారూ, ఇంకో మూడు రోజులు చూద్దామా?' అని ఆయన అడిగారు. వరండాలో బల్ల మీద పడుకోబెట్టి 'ఒకసారి దగ్గు బాబూ' అన్నాను. దగ్గబోయి, రెండు చేతులతో కుడి పొత్తికడుపు పట్టుకుని ఆగిపోయాడు. అక్కడ నెమ్మదిగా నొక్కి చటుక్కున చెయ్యి తీస్తే నొక్కినప్పటికంటే ఎక్కువ విలవిల్లాడాడు. అదే పూట సీటీ స్కాన్‌కు పంపాను. అపెండిక్స్ మొదట్లో 8 మిల్లీమీటర్ల రాయి అడ్డుపడి ఉంది. సాయంత్రం ఆపరేషన్ జరిగింది. అపెండిక్స్ కొస నల్లబడింది కానీ పగల్లేదు. ఇంకో మూడు రోజులు చూసి ఉంటే ఏమయ్యేదో చెప్పలేను. కానీ ఆ రాయి ఉన్నదన్న సంగతి తెలియకుండా 'చూద్దాం' అనే హక్కు మాత్రం ఎవరికీ లేదు.

ఈ జబ్బుకు మన వాళ్లు పెట్టుకున్న పేరు '24 గంటల నొప్పి'. పేరులోనే భయం ఉంది. పెద్దపేగు మొదట్లో తోకలా వేలాడే చిన్న గొట్టం ఈ అపెండిక్స్. పాఠ్యపుస్తకాల్లో ఉండుకం అంటారు. దాని నోరు మూసుకుపోయి లోపల సూక్ష్మజీవులు పెరిగితే వాపు వస్తుంది. నొప్పి మొదట బొడ్డు చుట్టూ మెలిపెట్టినట్టు మొదలై, కొన్ని గంటలకు కుడి వైపు కిందికి దిగి అక్కడే స్థిరపడుతుంది. అన్నం మీద ఆశ పోతుంది, ఒకటి రెండు వాంతులవుతాయి, సన్నగా జ్వరం తగులుతుంది. ఈ వరుస తప్పకుండా వస్తే స్కాన్ చూడకముందే అనుమానం బలపడుతుంది. 24 గంటలు దాటితే కడుపులో పగిలిపోతుందన్నది ఆ పేరు వెనక ఉన్న నమ్మకం. కాలయాపన ప్రమాదమన్న మేరకు ఆ నమ్మకం మేలే చేసింది. ఇళ్లలో వాము నీళ్లు తాగించి, ఆముదం పోసి, కాపడం పెట్టి రోజులు గడిపే కాలంలో ఆ పేరు ఎందరినో ఆస్పత్రి గుమ్మం ఎక్కించింది.

అయితే అదే పేరును పట్టుకుని రోగి బంధువులను బెదిరించడం కూడా నేను చూశాను. 'ఇంకో రెండు గంటలు ఆగితే మా బాధ్యత లేదు' అని అర్ధరాత్రి సంతకాలు పెట్టించుకున్న సందర్భాలు నాకు తెలుసు. హెల్సింకి, ఓస్లో నగరాల ఆస్పత్రుల్లో జరిగి 2023లో ప్రచురితమైన ఒక పరీక్షలో దాదాపు 1,800 మంది రోగులను రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు 8 గంటల లోపు, మరో గుంపుకు 24 గంటల లోపు ఆపరేషన్ చేసేలా ఏర్పాటు చేశారు. పగిలిన అపెండిక్స్ మొదటి గుంపులో 8 శాతం మందిలో, రెండో గుంపులో 9 శాతం మందిలో కనబడింది. అంటే పగలని, చీము పట్టని జబ్బు అని పరీక్షలో తేలి, ఆస్పత్రిలో సెలైన్ మీద, డాక్టరు కంటి ముందు ఉన్న రోగికి ఒక రాత్రి ఆగడం వల్ల నష్టం లేదు. రోగికి రెండు మాటలు విని ఆలోచించుకునేంత వ్యవధి ఉంది. ఇంట్లో మంచం మీద గడిచే 24 గంటలకు మాత్రం ఈ లెక్క వర్తించదు.

కత్తి ఒక్కటే మందు అన్న మాట ఎలా పుట్టిందో కూడా చెప్పాలి. 1886లో బోస్టన్ వైద్యుడు రెజినాల్డ్ ఫిట్జ్ ఈ జబ్బుకు అపెండిసైటిస్ అని పేరుపెట్టి, తొందరగా ఆపరేషన్ చేయాలని వాదించాడు. మూడేళ్ల తర్వాత న్యూయార్క్ సర్జన్ చార్లెస్ మెక్‌బర్నీ నొప్పి ఎక్కడ ఎక్కువో చూపించాడు. కుడి తుంటి ఎముక మొన నుంచి బొడ్డుకు గీత గీస్తే తుంటి వైపు నుంచి మూడో వంతు దూరంలో ఉండే చోటది. నేటికీ వైద్య విద్యార్థులందరూ ఆయన పేరుతోనే దాన్ని గుర్తుపెట్టుకుంటారు. 1902 జూన్‌లో ఇంగ్లండు రాజు ఏడో ఎడ్వర్డ్ పట్టాభిషేకం ఈ జబ్బు వల్లే రెండు రోజుల ముందు వాయిదా పడింది. సర్జన్ ఫ్రెడరిక్ ట్రీవ్స్ రాజు కడుపులోని చీమును మాత్రమే తీసి, అపెండిక్స్‌ను తీయకుండా వదిలేశాడు. రాజు కోలుకుని ఆగస్టు 9న కిరీటం పెట్టుకున్నాడు. యాంటీబయాటిక్స్ లేని ఆ రోజుల్లో, పగిలితే చావే అన్న స్థితిలో, పగలకముందే తీసేయడం లక్షల ప్రాణాలు కాపాడింది. అది చేసిన మేలు ఇంతా అంతా కాదు. ఆ రుణం మరచి ఇవాళ ఆపరేషన్‌ను దోపిడీగా చిత్రించడం అన్యాయం.

అలాగని కత్తి లేకుండా ఈ జబ్బును నడిపించడం మాకు కొత్తా కాదు. నేను పీజీ చదివే రోజుల్లో నాలుగైదు రోజులు ఆలస్యంగా వచ్చే రోగులకు కుడి పొత్తికడుపులో గట్టి గడ్డ చేతికి తగిలేది. వాచిన అపెండిక్స్ చుట్టూ పేగులు, కడుపులోని కొవ్వు పొర అతుక్కుని శరీరమే కట్టుకున్న గోడ అది. అప్పుడు కత్తి పెడితే పేగు చిరుగుతుంది. కనుక చికాగోకు చెందిన ఆక్స్‌నర్, లండన్‌కు చెందిన షెరెన్ ల పేర్లతో పిలిచే పద్ధతి పాటించేవాళ్లం. నోటి ద్వారా ఏమీ ఇవ్వకుండా సెలైన్, ఇంజెక్షన్ల మీద ఉంచి, గంట గంటకూ నాడి చూసేవాళ్లం. ఆ గడ్డ అంచును రోగి చర్మం మీద పెన్నుతో గీసేవాళ్లం. మర్నాడు ఉదయం రౌండ్స్‌లో మా ప్రొఫెసర్ గారు ముందుగా ఆ గీతనే చూసేవారు. గడ్డ గీతకు లోపలికి జారితే ముఖం విప్పారేది. గీత దాటి బయటికి వస్తే థియేటర్‌కు కబురు వెళ్లేది. ఒకే రోగి పొట్ట మీద నాలుగు రోజుల నాలుగు గీతలు, ఒకదానిలో ఒకటి చెరువులో నీటిమట్టం దిగిన గుర్తుల్లా కనబడటం నాకు ఇప్పటికీ గుర్తుంది. మందుల చికిత్స అంటే మాత్రలు రాసిచ్చి ఇంటికి పంపడం కాదని ఆ గీతలే నాకు నేర్పాయి.

ఇప్పుడు అసలు పరిశోధనల సంగతికి వస్తాను. 1950లలోనే ఇంగ్లండులో కోల్డ్రే అనే సర్జన్ వందల మందికి యాంటీబయాటిక్స్‌తో చికిత్స చేసినా అది ప్రచారంలోకి రాలేదు. గట్టి ఆధారం ఫిన్లాండు నుంచి వచ్చింది. తుర్కు విశ్వవిద్యాలయ ఆస్పత్రి సర్జన్ పౌలీనా సల్మీనెన్ బృందం 2009 నుంచి 2012 వరకు 530 మందిని పరీక్షకు తీసుకుంది. అందరూ 18 నుంచి 60 ఏళ్ల వారే. అందరికీ సీటీ స్కాన్ తీశారు. పగిలిన ఛాయలున్నా, చీము గడ్డ ఉన్నా, కణితి అనుమానం ఉన్నా, రాయి కనబడినా వారిని చేర్చుకోలేదు. ఇలా ఏరిన 530 మందిలో సుమారు సగం మందికి ఆపరేషన్ చేసి, 257 మందికి మూడు రోజులు ఆస్పత్రిలో నరం ద్వారా ఎర్టాపెనెం, ఆ తర్వాత ఏడు రోజులు లెవోఫ్లాక్ససిన్, మెట్రోనిడజోల్ మాత్రలు ఇచ్చారు. మందుల గుంపులో ఏడాది లోపు 27 శాతం మందికి ఆపరేషన్ తప్పలేదు. అయిదేళ్లు గడిచేసరికి జబ్బు తిరగబెట్టినవారు 39 శాతం.

ఈ అంకెను ఎలా చదవాలన్నదే కీలకం. నూరుగురిలో 61 మంది అయిదేళ్ల పాటు కత్తి గాటు లేకుండా గడిపారు. అది చిన్న విషయం కాదు; కత్తి పట్టి బతికినవాడిగా దాన్ని ఒప్పుకోవడానికి నాకు సంకోచం లేదు. తిరగబెట్టినవారికి ఆ తర్వాత చేసిన ఆపరేషన్ మరీ ప్రమాదకరంగా మారిందని కూడా తేలలేదు. ముందుగా మందులు వాడి చూసినంత మాత్రాన కొంప మునగదన్నది ఆ పరిశోధన ఇచ్చిన ధైర్యం. అయిదేళ్లలో కలిగిన ఇక్కట్లు ఆపరేషన్ గుంపులో 24 శాతం, మందుల గుంపులో 6.5 శాతం అన్న అంకెను మాత్రం జాగ్రత్తగా వాడాలి. అక్కడ చేసినవి ఎక్కువగా పొట్ట కోసి చేసే పాత పద్ధతి ఆపరేషన్లు. కుట్ల దగ్గర చీము, హెర్నియా, ఎడతెగని నొప్పి ఆ లెక్కలో ఉన్నాయి. 1980లో జర్మనీలో కుర్ట్ జెమ్ అపెండిక్స్ తీయడానికి మొదలుపెట్టిన ల్యాప్రోస్కోపీ పద్ధతి, అంటే చిన్న రంధ్రాల గుండా కెమెరాతో చూస్తూ చేసే ఆపరేషన్, ఇప్పుడు మన జిల్లా కేంద్రాల్లో కూడా మామూలైంది. దానితో పోల్చి ఉంటే తేడా అంత ఉండేది కాదు.

రాయి ఉన్నవారిని కూడా చేర్చుకుని చూసినది అమెరికా పరీక్ష. 25 ఆస్పత్రుల్లో 1,552 మందితో జరిగిన ఆ పరీక్ష ఫలితాలు 2020లో వెలువడ్డాయి. మందులు వాడినవారిలో 90 రోజుల లోపు ఆపరేషన్ అవసరమైనవారు 29 శాతం. ఈ సగటును విడదీసి చూడాలి. రాయి లేనివారిలో అది 25 శాతం. రాయి ఉన్నవారిలో 41 శాతం. మందుల గుంపులో ఎదురైన ఇతర ఇక్కట్లలో కూడా ఎక్కువ భాగం రాయి ఉన్నవారివే. అదే రోగులను ఇంకా కొనసాగించి చూస్తే, ఏడాదికి 40 శాతం, రెండేళ్లకు 46 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నట్టు తేలింది. మరోవైపు పనికి పోలేని రోజులు ఆపరేషన్ గుంపులో సగటున దాదాపు 9 అయితే, మందుల గుంపులో 5 మాత్రమే. రోజు కూలి మీద బతికే ఇంటికి ఆ నాలుగు రోజుల విలువ ఎంతో విడిగా చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత 2025లో, ఆరు పరీక్షల్లోని 2,101 మంది వివరాలను ఒక్కొక్కరివిగా పోగుచేసి చూసిన విశ్లేషణ కూడా ఇదే దారిలో ఉంది. మందులు వాడినవారిలో మూడింట రెండు వంతుల మందికి మొదటి ఏడాది ఆపరేషన్ అవసరం పడలేదు. రాయి ఉన్నవారికి మాత్రం మందుల దారిలో ఇక్కట్లు ఆపరేషన్ దారిలో కంటే రెట్టింపు పైగా ఉన్నాయి.

ఆ రాయి ఏమిటో చదువరులకు చెప్పడం అవసరమనుకుంటాను. మలం ముక్క ఆ సన్నని గొట్టంలో చిక్కుకుని, దాని మీద సున్నం పేరుకుని గట్టిపడిన గుండు అది. తీసిన అపెండిక్స్‌ను స్టీలు ట్రేలో పెట్టి కత్తెరతో నిలువుగా చీల్చితే కొన్నింట్లోంచి అది టక్కుమని ట్రే మీద పడేది. కందిగింజంత ఉండేది, ఒక్కోసారి శనగగింజంత. బయట గోధుమరంగు, వేళ్లతో నలిపితే పొరలు పొరలుగా విడిపోయేది. అది మూత వేసి కూర్చున్నంత కాలం మందు రక్తం ద్వారా వెళ్లి సూక్ష్మజీవులను చంపినా గొట్టం నోరు తెరుచుకోదు. లోపలి ఒత్తిడి తగ్గదు. పగిలే చోటు తరచుగా ఆ రాయి ఒరుసుకున్న చోటే. ఇంత కథ ఉన్న ఆ గింజ గురించి మీ వార్తలో ఒక్క మాట లేదన్నదే నా ప్రధానమైన ఫిర్యాదు.

పిల్లల విషయంలో కూడా వార్త మౌనంగా ఉంది. కెనడా, అమెరికా, ఫిన్లాండు, స్వీడన్, సింగపూరు దేశాల ఆస్పత్రుల్లో 936 మంది పిల్లలపై జరిగి 2025లో ప్రచురితమైన పరీక్షలో, ఏడాది లోపు మందుల చికిత్స 34 శాతం మందిలో విఫలమైంది. పెద్దల అంకెకు అది దగ్గరే. గర్భిణులను ఈ పెద్ద పరీక్షల్లో చేర్చుకోలేదు కాబట్టి వారికి ఈ ఫలితాలను అంటగట్టకూడదు; అపెండిక్స్ పగిలితే కడుపులోని బిడ్డకూ ముప్పే. నలభై దాటినవారికి మరొక జాగ్రత్త ఉంది. చీము గడ్డ కట్టి మందులతో తగ్గినవారిలో, ముఖ్యంగా ఈ వయసువారిలో, అపెండిక్స్ కణితులు అనుకున్నదానికంటే ఎక్కువగా బయటపడ్డాయని ఫిన్లాండు వారే మరో పరీక్షలో గమనించి, దాన్ని మధ్యలో ఆపేశారు. నొప్పి పోయింది కదా అని అలాంటివారు మళ్లీ డాక్టరు ముఖం చూడకపోతే పొరపాటే.

ఇక మన ఊళ్లలో ఎదురయ్యే మూడు చిక్కుల సంగతి. మొదటిది, స్కాన్. ఫిన్లాండు రోగి సీటీ స్కాన్‌తో పరీక్షలోకి అడుగుపెట్టాడు. మన మండల కేంద్రంలో రోగికి దొరికేది అల్ట్రాసౌండ్. చూసే రేడియాలజిస్టు చెయ్యి మంచిదైతే అది అపెండిక్స్ వాపును బాగానే పట్టిస్తుంది, ముఖ్యంగా సన్నగా ఉండే పిల్లల్లో, ఆడపిల్లల్లో. కానీ పేగుల్లో గాలి ఉన్నా, రోగి లావుగా ఉన్నా అపెండిక్స్ అసలు కనబడదు. రాయిని అది సీటీ అంత నమ్మకంగా చూపలేదు. 'అపెండిక్స్ కనబడలేదు' అని రిపోర్టులో ఉంటే జబ్బు లేదని అర్థం కాదు. 'వాపు ఉంది' అని ఉంటే రాయి లేదని అర్థం కాదు. మందుల దారి ఎంచుకోవాలంటే రాయి లేదనీ, పగల్లేదనీ తేలాలి. ఆ ఒక్క ప్రశ్నకు జవాబు కోసం సీటీ ఖర్చు భరించడం దండగ కాదని నా గట్టి అభిప్రాయం.

రెండోది, మందులే. ఈ జబ్బులో ముఖ్యమైన సూక్ష్మజీవి ఈ-కోలై. లెవోఫ్లాక్ససిన్ వర్గం మందులకు, సెఫ్ట్రయాక్సోన్ వర్గం మందులకు మన దేశంలో ఈ-కోలై ఎంతగా లొంగకుండా పోయిందో భారత వైద్య పరిశోధన మండలి ఏటా ఇచ్చే నివేదికలు చెబుతూనే ఉన్నాయి. తుర్కులో పనిచేసిన మాత్ర తుని లోనూ అంతే పనిచేస్తుందని హామీ లేదు. దీనికి కారణం మనమే. జలుబుకూ, వాంతికీ, దెబ్బకూ రెండు రోజులు మాత్రలు మింగి ఆపేయడం మన ఇళ్లలో అలవాటైంది. స్ట్రిప్ మీద ఎర్ర గీత ఉన్న మందు డాక్టరు చీటీ లేకుండా కొనకూడదని ప్రభుత్వం 2016 నుంచి చెబుతోంది. ఆ గీతను చూసి చెయ్యి వెనక్కు తీసుకునేవారు ఎంతమంది? ఈ పరిస్థితిలో 'అపెండిక్స్‌కు ఇక ఆపరేషన్ అక్కర్లేదు' అన్న శీర్షిక మందుల దుకాణం ముందు ఎలాంటి క్యూ తయారుచేస్తుందో మీరే ఊహించండి.

మూడోది బహుశా పరదేశపు పరిశోధకులకు అంతగా తట్టనిది. మన దగ్గర కుడి పొత్తికడుపు నొప్పికి కారణం టైఫాయిడ్ కావచ్చు, ఆడవారిలో అండాశయం మెలిపడటం కావచ్చు, గర్భసంచి పక్క గొట్టంలో నిలిచిన గర్భం కావచ్చు, పేగు క్షయ కావచ్చు. చిన్నపేగు పెద్దపేగును కలిసే చోట, అంటే సరిగ్గా అపెండిక్స్ పక్కనే, క్షయ గూడు కట్టుకుంటుంది. లెవోఫ్లాక్ససిన్, మాక్సిఫ్లాక్ససిన్ క్షయ క్రిమి మీద కూడా పనిచేసే మందులు. అపెండిక్స్ అనుకుని పది రోజులు అవి ఇస్తే క్షయ రోగికి కొంత ఊరట కలుగుతుంది, నొప్పి తగ్గుతుంది, అందరూ సంతోషిస్తారు. అసలు జబ్బు మరికొన్ని నెలలు దాగి, పేగు మూసుకుపోయాక బయటపడుతుంది. బరువు తగ్గి, సాయంత్రాలు జ్వరం వచ్చే మనిషి కుడి పొత్తికడుపు నొప్పితో వస్తే నేను ఆ మాత్రలు చీటీ మీద రాసే ముందు రెండుసార్లు ఆగేవాణ్ణి. నా సర్వీసులో అపెండిక్స్ అని పొట్ట తెరిచి పేగు క్షయను చూసిన సందర్భాలు ఉన్నాయి. ఆపరేషన్ వల్ల ఒక లాభం ఉంది: తీసిన ముక్క బయాప్సీకి వెళుతుంది, జబ్బు పేరు కాగితం మీదికి వస్తుంది.

ఇన్ని చెప్పి మందుల దారి మూసేయాలన్నది నా ఉద్దేశం కాదు. మూసేయడం కూడా తప్పే. సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు 2008 జనవరిలో ఇచ్చిన తీర్పు ప్రకారం, రోగి సమ్మతి తీసుకునే ముందు చికిత్స స్వభావంతో పాటు దానికి ప్రత్యామ్నాయాలు ఉంటే అవి కూడా డాక్టరు చెప్పాలి. సీటీలో రాయి లేని, పగలని అపెండిక్స్ అని తేలిన పెద్దవారికి మందులు నేడు ఒక ప్రత్యామ్నాయం. ఆ సంగతి చెప్పకుండా తీసుకున్న సంతకం నిండు సమ్మతి కాదు. అమెరికాలో ఉద్యోగం చేస్తున్న మా మేనకోడలికి గత ఏడాది ఈ నొప్పి వస్తే, అక్కడి డాక్టరు ఒక కాగితం చేతికిచ్చి, రెండు దారులూ వివరించి, అరగంట ఆలోచించుకోమన్నారట. అంత రాత్రి నాకు ఫోన్ చేసి 'ఏం చేయమంటావు మావయ్యా' అని అడిగింది. స్కాన్‌లో రాయి ఉందా అని అడిగాను. లేదంది. ఆస్పత్రి ఎంత దూరమని అడిగాను. పది నిమిషాలంది. అయితే మందులతో మొదలుపెట్టమన్నాను. ఆమె అలాగే చేసింది. ఇప్పటి వరకు బాగానే ఉంది. తిరగబెట్టదని మాత్రం నేను ఆమెకు మాట ఇవ్వలేదు.

అదే నొప్పి, అదే స్కాన్ ఫలితం, పాడేరు కొండల్లో బస్సు దిగి రెండు గంటలు నడిచే ఊళ్లో ఉండే అమ్మాయికి అయితే నా జవాబు వేరు. ఆరు వారాల్లో గల్ఫ్ విమానం ఎక్కబోతున్న నిజామాబాద్ కుర్రవాడికి వేరు. ఎడారిలో లేబర్ క్యాంపులో నొప్పి తిరగబెడితే వాడిని ఆస్పత్రికి ఎవరు తీసుకెళతారు? మత్తు ఇవ్వడానికి వీల్లేని గుండె జబ్బు ఉన్న పెద్దమనిషికి మళ్లీ వేరు. ఆయనకు మందులే మేలు కావచ్చు. కోత కోసే వారంలో నొప్పి వచ్చిన కౌలు రైతు, పరీక్షకు పది రోజులున్న విద్యార్థి, ఇద్దరూ తమ తమ లెక్కలు వేసుకుంటారు. ఆ లెక్క వాళ్లది, మనం వేసి చూపకూడదు. వేసుకోవడానికి కావలసిన అంకెలు ఇవ్వడమే మన పని.

మందులు ఎంచుకున్నా మొదటి ఒకటి రెండు రోజులు సర్జన్ పర్యవేక్షణలో ఉండాలి. నొప్పి, జ్వరం, నాడి, తెల్లరక్తకణాల లెక్క తగ్గుముఖం పట్టకపోతే ఆపరేషన్ వైపు మళ్లాలి. ఒక్కసారిగా నొప్పి మాయమై, ఆ తర్వాత కడుపంతా ఉబ్బి గట్టిపడితే అది నయమైన గుర్తు కాదు, పగిలిన గుర్తు. ఇంటికి వెళ్లినవారు కూడా జ్వరం తిరిగి వచ్చినా, నొప్పి పెరిగినా, వాంతులు ఆగకపోయినా అర్ధరాత్రి అని చూడకుండా ఆస్పత్రికి రావాలి. ఆర్‌ఎంపీ ఇంట్లో వేసే సూది ఈ చికిత్స కాదు. వాళ్లలో నాకు తెలిసిన మంచివారు ఉన్నారు. పల్లెలో మొదట తలుపు తట్టేది వాళ్లదే కనుక, ఈ నొప్పిని చూడగానే 'నేను చూడకూడనిది, పంపించేయాలి' అనే తెలివి వాళ్లకు ఉంటే సగం చావులు ఆగుతాయి.

మీ పత్రికను కోరేది ఇది. ఆ వార్త వచ్చిన పేజీలోనే, అదే సైజులో, ఒక సవరణ వేయండి. మందుల చికిత్స గురించి చెప్పిన పరీక్షలన్నీ పగలని జబ్బు మీద జరిగినవని, రాయి ఉన్నవారికి ఆపరేషనే మేలన్న దిశగా ఆధారాలు ఉన్నాయని, అయిదేళ్లలో నూటికి దాదాపు నలభై మందికి జబ్బు తిరగబెట్టిందని, సర్జన్ చూడకుండా ఇంట్లో మందులు మింగడం ఈ చికిత్స కిందికి రాదని రాయండి. స్కానింగ్ సెంటర్లు అపెండిక్స్ రిపోర్టు కింద 'రాయి: ఉంది / లేదు / చెప్పలేం' అని ఒక వరుస చేర్చేలా, ప్రభుత్వ ఆస్పత్రుల సమ్మతి పత్రంలో రెండు దారులనూ తెలుగులో అచ్చు వేసేలా రెండు రాష్ట్రాల వైద్య శాఖలను అడగండి. మా ఆస్పత్రుల్లో సంతకం పెట్టించుకునే కాగితం ఏళ్లపాటు ఇంగ్లీషులోనే ఉండేది. వేలిముద్ర వేసే తల్లికి అందులో ఏముందో వార్డుబాయ్ చెప్పేవాడు.

టైలర్ గారి అబ్బాయి కాలేజీకి వెళుతున్నాడు. ఆయన తెచ్చిన మీ వార్త ముక్క మా వరండా బల్ల మీదే మరచిపోయి వెళ్లారు. మడతల దగ్గర చిరుగుతోంది. సవరణ వచ్చిన రోజున దాన్నీ కత్తిరించి, రెండూ కలిపి ఆయన షాపులో ఇచ్చి వస్తాను.

ఇట్లు
ఒక విశ్రాంత ప్రభుత్వ సర్జన్
కాకినాడ